ఉమ్మెత్త - పశువుల నడక

ఉమ్మెత్తను ఎరుగని కర్షకుడు మనలో లేడు. రామగుండము, గోదావరిఖని ప్రాంతమున బాటల ప్రక్కను, పెంటకుప్పల చెంతను, బీళ్లయందును ఇది తనంత తానే మొలచును. ఉబ్బసమునకు పెద్దలు వాడిన మూలికయే యైనను, పశువు మేసినచో విషమగును.

దీని ఆకు, పువ్వు, గింజ, వేరు అన్నిటను అట్రోపిన్, హయోసిన్ మొదలగు విషద్రవ్యములు గలవు. నరములు అవయవములకు పంపు ఆజ్ఞలను ఇవి నడుమనే అడ్డగించును. అందుచే కంటిపాప విచ్చుకొని పశువు వెలుతురునకు బెదరును, నోరెండును, గుండె వడిగా కొట్టుకొనును, నెమరు నిలిచి కడుపుబ్బును. కుదురులేక తిరిగి, అడుగు తడబడి, తుదకు కూలబడును. కొన్ని కుందేళ్ల రక్తమున అట్రోపిన్‌ను విరుచు పదార్థము గలదు గాన అవి ఓర్చుకొనును. ఎద్దునకు, ఆవునకు ఆ రక్షణ లేదు.

పచ్చిమొక్కను వాసనచే పశువులు సాధారణముగా ముట్టవు. చొప్పతో కలిపి నరికినచో ఏరివేయలేక తినును. ఎండినను విషము పోదు. కావున జొన్న, మొక్కజొన్న చొప్ప కోయుటకు ముందే చేను చూచి, కాయ పగులకమునుపే ఉమ్మెత్తను వేరుతో పెరుకుడని మేము కోరుచున్నాము.

కొన్ని పురుగుమందుల విషమునకు వైద్యులు సూదిద్వారా ఇచ్చు విరుగుడు ఈ అట్రోపినే. అయితే అది కొలిచి యిచ్చు మందు. ఆకునందలి పాలు మొక్కమొక్కకు మారును. కావున ఏ రోగమునకును దీని పసరు పశువునకు పోయరాదు. పై లక్షణములు కానవచ్చిన వెంటనే ఆ మేత మాన్పించి, పశువును నీడపట్టున కట్టి, పశువైద్యుని పిలిపింపుడు. మిగిలిన మేతను ఆయనకు చూపుడు.