నింద మోసిన గాలిపంపు

1966 మోడల్‌గా కాలిఫోర్నియా షోరూముల్లోకి వచ్చిన అమెరికన్ కార్లలో చాలావాటి బానెట్ ఎత్తితే, బెల్టు మీద తిరిగే కొత్త వస్తువొకటి కనిపించేది. అసలు పేరు ఎయిర్ పంపు, జనం నోట స్మాగ్ పంపు. కారులో ఇన్ని తిట్లు తిన్న భాగం మరొకటి లేదేమో!

దాని పుట్టుకకు మూలం లాస్ ఏంజెలెస్ గాలి. నగరాన్ని కమ్మి కళ్లు మండించే పొగమంచు (స్మాగ్) ఫ్యాక్టరీల పనే అనుకుంటున్న రోజుల్లో, కాల్‌టెక్‌లో అనాసపండు వాసన మీద పనిచేస్తున్న డచ్ రసాయన శాస్త్రవేత్త ఏరీ హాగెన్-స్మిట్ దాని గుట్టు విప్పాడు. మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని 1950ల ఆరంభంలో తేల్చాడు. వేలు కార్ల వైపు తిరిగింది.

సిలిండరులో మంట ఎంత బాగా వెలిగినా కొంత ఇంధనం మండకుండానే బయటపడుతుంది, వెంట కార్బన్ మోనాక్సైడూ వస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వు దాటిన క్షణంలో ఆ వాయువులకు వేడి బోలెడుంటుంది, కరవల్లా ఆక్సిజనే. ఊదుగొట్టంతో పొయ్యి ఊదినట్టు, పంపు సన్నటి స్టీలు గొట్టాల గుండా సరిగ్గా అక్కడికే గాలి పంపుతుంది. మిగిలిందంతా కాకపోయినా చాలావరకు దారిలోనే కాలిపోతుంది. అయితే యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే మండని ఇంధనం ఎక్కువవుతుంది, అప్పుడు గాలి తగిలితే సైలెన్సరులో ఢామ్మని పేలుతుంది. అందుకని డైవర్టర్ వాల్వు ఆ కాసేపు గాలిని బయటికి వదిలేస్తుంది. ఎగ్జాస్ట్ వెనక్కి తన్నకుండా చెక్ వాల్వు కాపలా కాస్తుంది.

మరి అన్ని తిట్లెందుకు? కార్లు నీరసపడ్డది సరిగ్గా ఆ రోజుల్లోనే. కార్వెట్ స్పోర్ట్స్ కారు ఎల్‌టీ-1 ఇంజన్ 1970లో 370 హార్స్‌పవర్, 1972లో 255. కానీ 1971లో సీసం తక్కువున్న పెట్రోలు కోసం కంప్రెషన్ తగ్గించారు. 1972లో కొలిచే పద్ధతే మార్చారు. అంతకుముందు ఫ్యాను, సైలెన్సరు వంటివి లేకుండా ఉత్త ఇంజన్‌ను కొలిచేవారు. అంటే తగ్గిన శక్తిలో కొంత కాగితం మీద తగ్గిందే. పంపు తినేది నామమాత్రం. అయినా కంటికి కనిపించేది అదే కాబట్టి, రెంచి ముందు దాని మీదే పడింది.

పీకడం మాత్రం తేలికేం కాదు. వేడికి, తుప్పుకు గొట్టాలు మానిఫోల్డుకు అతుక్కుపోయి ఉంటాయి. తుప్పు వదిలే నూనె పోసి నానబెట్టినా నట్టు మూలలు అరిగిపోవచ్చు. ఊడదీసిన ప్రతి రంధ్రానికీ బిరడా బిగించకపోతే ఎగ్జాస్ట్ చీదుతుంది. ఆ ఊపులో పీసీవీ వాల్వు కూడా పీకేసేవాళ్లున్నారు, అది శుద్ధ తెలివితక్కువ పని. క్రాంక్‌కేసులోని ఆవిరిని లాగి మళ్లీ మండించే ఆ చిన్న వాల్వు లేకపోతే, నూనెలో మడ్డి పేరుకుని నష్టపోయేది ఇంజనే.

పీకకుండా పాత పంపు స్థానంలో కొత్తది పెట్టేవాళ్లు ముందు చూడాల్సింది చెక్ వాల్వు. పైపు విప్పి నోటితో ఊదితే గాలి ఒకవైపే పోవాలి. రెండువైపులా పోతోందంటే, కొత్త పంపు బిగించినా వేడి ఎగ్జాస్ట్ దాన్నీ కాల్చేస్తుంది. పంపు ఒళ్లు అల్యూమినియం, బెల్టు బిగించడానికి కడ్డీతో ఎత్తిపెడితే పగులుతుంది. చేత్తో తిప్పినప్పుడు కిర్రుమన్నా నూనె పోయకూడదు. 1968 నుంచి జనరల్ మోటార్స్ పంపుల్లో పుల్లీ వెనకున్న ఫ్యానే దుమ్మును విసిరికొట్టే ఫిల్టరు. అది పాడైతే పక్కడ్‌తో ముక్కలుగా విరిచి తీయాల్సిందే, సాబూతుగా రాదు.

కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందరి మోడళ్లకు ఇప్పుడు పొగ పరీక్ష లేదు. కానీ ఈ భాగాలు పీకడాన్ని నిషేధించిన అమెరికా చట్టం 1977లో మెకానిక్ షాపులకూ, 1990లో సొంత కారు విప్పుకునే యజమానికీ వర్తించింది. ఇక పాత కార్వెట్ల ప్రదర్శన పోటీల్లో న్యాయనిర్ణేతలు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్రతి భాగం కోసం వెతుకుతారు, పంపు లేకపోతే మార్కులు పోతాయి. ఒకప్పుడు చెత్తబుట్టలో పడ్డదాన్ని ఇప్పుడు డబ్బిచ్చి కొంటున్నారు. కొందరైతే లోపలి రెక్కలు తీసేసి, ఖాళీ డబ్బాను బెల్టు మీద ఉత్తినే తిప్పుతున్నారు!