బొగ్గుపులుసు వాయువుకు భూగర్భంలో చోటెక్కడ?

కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలో నాయకరాజుల కాలం నుండి స్థిరపడిన తెలుగు రైతులకు బావి తవ్వితే ఎదురయ్యేది కఠిన శిలయే. నైస్, చార్నొకైట్ అనే ఆ శిలలలో సూక్ష్మరంధ్రాలు అత్యల్పం. నీరు సైతం పగుళ్లలోనే నిలుస్తుంది. కర్మాగారాల బొగ్గుపులుసు వాయువును దాచడానికి అవి తగవు.

తూర్పున నాగపట్టణం వైపు, నరిమణం చమురు క్షేత్రమున్న కావేరీ అవక్షేప ప్రాంతం ఇందుకు భిన్నం. అక్కడ ఇసుకరాతి రంధ్రాలలో చమురు నిండి ఉంటుంది. పైనున్న షేల్ పొర దానికి మూత. చమురును లక్షల ఏళ్లు ఆపిన మూత ఈ వాయువునూ ఆపగలదని శాస్త్రజ్ఞుల తర్కం. సుమారు 800 మీటర్ల లోతు దాటితే ఒత్తిడి వల్ల వాయువు ద్రవం వలె చిక్కబడి, తక్కువ చోటులో ఇముడుతుంది. నార్వే 1996లోనే సముద్రగర్భపు ఇసుకరాతి పొరలో ఈ ప్రక్రియను ప్రారంభించింది.

అయితే పాత చమురు బావుల సిమెంటు బీటలు వారితే వాయువు పైకి రాగలదు. పైన ఉన్నది వరి పండే డెల్టా. కావున మూత ఎంత గట్టిదైనా, ప్రతి పాత బావినీ పరీక్షించిన పిమ్మటే ఈ యోచన సాగాలి.