4.5 అనిశ్చితిలో నిర్ణయ నైపుణ్యం: యుద్ధక్రీడల ఉదాహరణ

సంభావ్యత అంటే ఏమిటో గత భాగంలో తెలుసుకున్నారు. ఫలితం మన చేతిలో పూర్తిగా లేనప్పుడు నైపుణ్యం ఎలా పనిచేస్తుందో ఇప్పుడు ఒక ఆట ద్వారా పరిశీలిద్దాం.

4.5.1 ఆట స్వరూపం

వార్‌హామర్ 40,000 బల్లపై బొమ్మల సైన్యాలతో ఆడే యుద్ధక్రీడ. బ్రిటన్‌కు చెందిన గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ దీన్ని 1987లో విడుదల చేసింది. ఆటగాళ్లు తమ దళాలను అంగుళాల లెక్కన కదుపుతారు. దాడుల ఫలితాన్ని ఆరు ముఖాల పాచికలు తేలుస్తాయి. పాచికలు ఎవరి మాటా వినవు. అయినా పోటీల్లో కొందరే తరచుగా పైస్థానాల్లో నిలుస్తారు. ఎందుకు?

4.5.2 మేటి ఆటగాళ్ల లక్షణాలు

(అ) లక్ష్యంపై దృష్టి: పోటీ ఆట సాధారణంగా ఐదు రౌండ్లు సాగుతుంది. గెలుపును నిర్ణయించేది కూల్చిన బొమ్మల సంఖ్య కాదు, బల్లపై గుర్తించిన స్థానాలను ఆక్రమించడం వంటి పనులకు వచ్చే పాయింట్లు. సగటు ఆటగాడు ఎదురుగా ఉన్న శత్రుదళాన్ని తుడిచిపెట్టాలని చూస్తాడు. మేటి ఆటగాడు "దీనివల్ల నాకు పాయింట్లు వస్తాయా?" అని ముందుగా ప్రశ్నించుకుంటాడు. అందుకే సైన్యంలో ఎక్కువ భాగం కోల్పోయి కూడా గెలవడం సాధ్యమే.

(ఆ) సంభావ్యతను లెక్కించడం: 2023లో వచ్చిన పదవ కూర్పులో, ఆట మధ్యలో బల్లపైకి దిగే దళాన్ని సాధారణంగా శత్రువుకు 9 అంగుళాలకు మించిన దూరంలో ఉంచాలి. అది వెంటనే శత్రువుపైకి దూకాలంటే రెండు పాచికల మొత్తం కనీసం 9 కావాలి. మొత్తం 36 అవకాశాల్లో అనుకూలమైనవి 10 మాత్రమే, అంటే సుమారు 28 శాతం. మేటి ఆటగాడు ఈ ప్రయత్నం మానుకోనక్కరలేదు. కానీ అది విఫలమైతే ఆ స్థానాన్ని ఏ దళం కాపాడాలో పాచికలు వేయకముందే ఏర్పాటు చేసుకుంటాడు.

(ఇ) అమరికలను గుర్తించడం: చేజ్, సైమన్ 1973లో చదరంగ ఆటగాళ్లపై చేసిన పరిశోధనను గమనించండి. నిజమైన ఆటలోని అమరికను ఐదు సెకన్లు చూపితే, నిపుణులు కొత్తవారికంటే చాలా ఎక్కువ పావులను గుర్తుంచుకున్నారు. పావులను ఇష్టం వచ్చినట్లు పేర్చినప్పుడు ఆ ఆధిక్యం దాదాపు మాయమైంది. అంటే నిపుణుల బలం సాధారణ జ్ఞాపకశక్తి కాదు, అనుభవంతో మనసులో ఏర్పడిన నమూనాలు.

4.5.3 ఫలితం వేరు, నిర్ణయం వేరు

పైన చెప్పిన 28 శాతం ప్రయత్నం ఫలించిందనుకుందాం. సగటు ఆటగాడు దాన్ని మంచి ఎత్తుగడగా గుర్తుంచుకుని మళ్లీ అదే చేస్తాడు. ఫలితాన్ని బట్టి నిర్ణయానికి విలువ కట్టే ఈ ధోరణిని ఫలిత పక్షపాతం అంటారు. దీనికి లోనైతే ఎన్ని ఆటలు ఆడినా నేర్చుకునేది తక్కువ. మేటి ఆటగాడు గెలిచిన ఆటను కూడా సమీక్షిస్తాడు: అప్పటికి తెలిసినదాన్ని బట్టి అంతకంటే మంచి దారి ఉందా? సాగుకు పంటను ఎంచుకునే రైతుకూ, చికిత్సను నిర్ణయించే వైద్యుడికీ ఈ ప్రశ్న అంతే అవసరం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. రెండు పాచికల మొత్తం కనీసం 9 అయ్యే అవకాశాలు పది ఎలా అవుతాయో రాసి చూడండి.
2. ఇటీవల మీరు తీసుకున్న ఒక నిర్ణయాన్ని, దాని ఫలితాన్ని పక్కన పెట్టి అంచనా వేయండి.