పిడుగు నుంచి ప్లగ్గు దాకా..
విద్యుత్తుపై విద్యార్థులకు ప్రాథమిక అవగాహన

పిడుగురాళ్ల: పేరులోనే పిడుగున్న పట్టణమిది. ఆకాశంలో మెరిసే పిడుగూ, ఇంట్లో ఫ్యాను తిప్పే కరెంటూ ఒకటేనంటే చాలామంది విద్యార్థులు నమ్మరు. రెండింటిలోనూ జరిగేది విద్యుదావేశ ప్రవాహమే. మేఘాల్లో మంచు రేణువులు ఒరుసుకున్నప్పుడు ఆవేశం పోగుపడుతుంది. అది గాలిని చీల్చుకుంటూ నేలకు దూకితే పిడుగు. అదే ఆవేశం తీగల్లో అదుపులో నడిస్తే కరెంటు.

ఒక పిడుగులో ప్రవహించే కరెంటు దాదాపు 30 వేల ఆంపియర్లు. శక్తి మాత్రం సుమారు వంద కోట్ల జౌళ్లేనని అంచనా. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. ఆ లెక్కన ఒక పిడుగు విలువ 280 యూనిట్లలోపే.. ఒక మధ్యతరగతి ఇంటికి రెండు నెలల వాడకం. అంతటి భయంకరమైన వస్తువును పట్టి బంధించినా మిగిలేది ఇంతే. అందుకే పిడుగుల నుంచి విద్యుత్తు తీయాలని ఎవరూ పెద్దగా ప్రయత్నించరు.

ట్యాంకు నీళ్లతో పోలిక

వోల్టు, ఆంపియరు, ఓమ్ అనగానే బెంబేలు పడనక్కర్లేదు. మిద్దెపై నీళ్ల ట్యాంకును తలుచుకుంటే చాలు. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కుళాయిలో అంత ఒత్తిడి.. అది వోల్టేజి. గొట్టంలో పారే నీరు కరెంటు. గొట్టం సన్నగా ఉంటే కలిగే అడ్డంకి నిరోధం. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు ఎంతో తెలుస్తుంది. ఇదే ఓమ్ నియమం. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వచ్చేది వాట్లు. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు పనిచేస్తే మీటరులో ఒక యూనిట్ తిరుగుతుంది.

75 వాట్ల ఫ్యాను పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్. అయిదు హార్స్‌పవర్ బోరు మోటారు గంటకే నాలుగు యూనిట్ల దాకా లాగుతుంది. సేద్యానికి 2004 నుంచి ఉచిత విద్యుత్తు అమలవుతున్నా, ఆ యూనిట్లు ఎక్కడో ఒకచోట పుట్టాల్సిందే.

సాగర్ నీరు.. ఇబ్రహీంపట్నం బొగ్గు

పల్నాడు పిల్లలకు ఈ పాఠం కళ్లముందే ఉంది. నాగార్జునసాగర్ కుడి కాల్వపై 30 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. కాల్వకు నీరు వదిలినప్పుడే అవి తిరుగుతాయి. దిగువన రెంటచింతల మండలం సత్రశాల వద్ద 25 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. 815.6 మెగావాట్ల ప్రధాన విద్యుత్కేంద్రం డ్యాంకు ఎడమ పక్కన, తెలంగాణలో ఉంది. అక్కడి ఎనిమిది యూనిట్లలో ఏడు, వెనక్కి తిరిగి నీటిని జలాశయంలోకి ఎత్తిపోయగలవు.

నాలుగు వేల లీటర్ల నీరు వంద మీటర్ల ఎత్తు నుంచి దూకితే వచ్చేది ఒకే ఒక్క యూనిట్. వేసవిలో వీధుల్లోకి వచ్చే ట్రాక్టరు ట్యాంకరులో పట్టేది ఇంచుమించు అంతే నీరు. అన్నేసి ట్యాంకర్ల నీరు ప్రతి క్షణం టర్బైన్ల మీద పడుతుంటేనే మన మిక్సీలు, మోటార్లు తిరుగుతున్నాయి.

నీరు లేనప్పుడు ఆధారం బొగ్గు. విజయవాడ సమీపంలో ఇబ్రహీంపట్నం వద్దనున్న నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో బొగ్గును మండించి, నీటిని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరితో టర్బైన్లు తిప్పుతారు. యూనిట్‌కు ముప్పావు కిలో వరకు బొగ్గు కావాలి. బొగ్గులోని శక్తిలో విద్యుత్తుగా మారేది మూడో వంతు మాత్రమే, మిగతాది వేడిగా పోతుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లోనూ మండేది బొగ్గే. అయితే అక్కడ కావాల్సింది వేడే కాబట్టి దాన్ని నేరుగా వాడుకుంటారు. సున్నపురాయి సున్నం కావాలంటే దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలి. 100 కిలోల స్వచ్ఛమైన రాయి నుంచి 56 కిలోల సున్నం చేతికొస్తే, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. బొగ్గు పొగ దీనికి అదనం.

సౌరఫలకాల పద్ధతి వేరు. తిరిగే చక్రమేదీ లేకుండా సిలికాన్ పలకపై ఎండ పడగానే కరెంటు పుడుతుంది. ఒక కిలోవాట్ ఫలకాలు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి. పల్నాడులో ఎండకు కొదవ లేదు, చీకటి పడ్డాకే చిక్కు.

చిన్న బల్బు.. పెద్ద ప్రమాదం

ఇంట్లోకి వచ్చేది 230 వోల్టులు. తడిసిన శరీరం నిరోధం వెయ్యి ఓమ్‌ల వరకు పడిపోవచ్చు. ఓమ్ నియమం ప్రకారం అప్పుడు ఒంట్లో పారేది 230 మిల్లీ ఆంపియర్లు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బుకు చాలేది 40 మిల్లీ ఆంపియర్లే, గుండె గుండా అంత పారినా ప్రాణం పోవచ్చు. బట్టలారేసే ఇనుప తీగకు సర్వీసు వైరు తగలడం, తడి చేతులతో స్టార్టరు నొక్కడం, అడవి పందుల కోసమని పొలం చుట్టూ తీగలకు కరెంటు పెట్టడం.. పల్లెల్లో మరణాలకు దారితీసేవి ఇవే. చివరిది నేరం కూడా. పందికి పెట్టిన తీగ తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషిని గుర్తుపట్టదు.

ఎవరికైనా షాక్ కొడితే చేత్తో లాగకూడదు. ముందు మెయిన్ ఆపాలి, వీలుకాకుంటే ఎండు కర్రతో తీగను తప్పించాలి. 11 వేల వోల్టుల లైను తెగితే కర్ర కూడా పనికిరాదు. దూరంగా ఉండి 1912కు, బాధితుల కోసం 108కి ఫోన్ చేయాలి.

పిడుగు ఎంత దూరంలో ఉందో పిల్లలే లెక్కగట్టవచ్చు. మెరుపు కనిపించాక ఉరుము వినిపించే వరకు సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. 30 సెకన్లలోపే ఉరిమితే చేలో పని ఆపి పక్కా భవనంలోకి చేరాలి. ఉరుము ఆగాక అరగంట వరకు బయటకు రాకూడదు. చెట్టు కింద మాత్రం నిలబడకూడదు.