ఇనుప తుక్కు బొమ్మకు తుప్పు పట్టదా?

జగ్గయ్యపేట స్తూపంలోని మాంధాత చక్రవర్తి శిల్పం సుమారు 2 వేల ఏళ్లనాటిది. రాయి కాబట్టి నిలిచింది. చెన్నై మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు. మరి తెనాలిలో శిల్పి కాటూరి వెంకటేశ్వరరావుగారు, వాళ్లబ్బాయి రవిచంద్ర పాత నట్లు, బోల్టులు వెల్డింగ్ చేసి నిలబెట్టే బొమ్మల సంగతో?

ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఆ తుప్పు రాలి, కింది ఇనుము మళ్లీ బయటపడుతుంది. అసలు చిక్కంతా నట్ల మధ్య సందుల్లోనే! వాననీరు అక్కడ నిలుస్తుంది, రంగు బ్రష్షు మాత్రం దూరదు.

అమ్మ దోసెల పెనం కడిగి, తుడిచి, నూనె రాసి పెడుతుంది కదా? ఇక్కడా అంతే. తుప్పు గీకి, బాగా ఆరబెట్టి, మైనమో రంగులేని వార్నిషో సందుల్లోకి దిగేలా పూస్తారు. అది అరిగినప్పుడల్లా మళ్లీ పూయాలి.

గీకేముందు శిల్పిని తప్పకుండా అడగాలి. ఆ ఎర్రటి తుప్పురంగు ఆయన కావాలనే ఉంచారేమో!