థీమ్‌ పార్కులో ఒంటి మీదే ఉండవలసిన చీటీ

థీమ్‌ పార్కుకు వెళ్ళిన మనిషి ఆ రోజులో చాలాసేపు తన సామానుకు, తన వాళ్ళకు దూరంగా ఉండక తప్పదు. రోలర్‌ కోస్టర్‌ ఎక్కేముందు సెల్‌ఫోను, పర్సు, కళ్ళజోడు తీసి లాకరులోనో, రైడ్‌ ఎక్కని బంధువు చేతిలోనో పెట్టాలి. నీళ్ళ ఆటలకు దిగాలంటే బట్టలు మార్చుకొని సంచి మొత్తాన్ని లాకరులో పెట్టి తాళం వేయాలి. ఎత్తు నిబంధనల వల్ల పిల్లలొక వరుసలోకి, పెద్దలొక వరుసలోకి వెళితే, ఎత్తులకు భయపడేవారు ఎక్కడో చెట్టు నీడన మిగిలిపోతారు. ఆరోగ్యవంతులకు ఇది చిన్నపాటి ఇబ్బందే గాని, షుగరు, గుండెజబ్బు, ఫిట్స్‌, ఉబ్బసం వంటి దీర్ఘకాలిక సమస్య ఉన్నవారు ఉన్నట్టుండి స్పృహ తప్పితే, వారి జబ్బు గురించి చెప్పగల మనిషి గాని, చెప్పగల కాగితం గాని దగ్గర లేకపోవచ్చు. కాబట్టి అక్కడికి వెంట తీసుకెళ్ళవలసింది ఆసుపత్రి ఫైలు కాదు. ముక్కూ మొహమూ తెలియని వ్యక్తి ఒక్క నిమిషంలో చదివి సరైన పని చేయగలిగేటంత కొద్దిపాటి సమాచారం, అదీ లాకరులోకి పోని రూపంలో, ఒంటి మీదే ఉండాలి.

వేళ తప్పిన భోజనం, వేళకు పడిన మందు

ఇంట్లో అదుపులో ఉండే జబ్బు పార్కులో ఇబ్బంది పెట్టడానికి రైడ్ల కుదుపు ఒక్కటే కారణం కాదు, ఆ రోజు దినచర్య మొత్తం తారుమారు కావడం కూడా కారణమే. హైదరాబాదు శివారు రావిర్యాలలో 2016లో మొదలైన వండర్‌లాకో, రామోజీ ఫిలిం సిటీకో బయలుదేరిన కుటుంబం పొద్దున్నే హడావిడిగా టిఫిను ముగించి, గంటల తరబడి నడిచి, క్యూలలో ఎండకు నిలబడి, మధ్యాహ్న భోజనాన్ని ఏ మూడింటికో వాయిదా వేస్తుంది. మందు మాత్రం వేళకు పడిపోయి ఉంటుంది. ఇన్సులిన్‌ ఇంజక్షను తీసుకునేవారికీ, గ్లిమెపిరైడ్‌ వంటి, శరీరం చేత ఎక్కువ ఇన్సులిన్‌ను విడుదల చేయించే మాత్రలు వేసుకునేవారికీ ఇటువంటి రోజున రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటె దిగువకు పడిపోయే ప్రమాదం ఉంది; వైద్యులు హైపోగ్లైసీమియా అనేదీ, జనం షుగర్‌ డౌన్‌ అనేదీ ఇదే. ఒక్క మెట్‌ఫార్మిన్‌తో సరిపెట్టుకునేవారిలో ఇది అరుదు గనుక, చీటీలో ‘షుగరు ఉంది’ అని మాత్రమే రాస్తే సగం చెప్పినట్టే, ఏ మందు వాడుతున్నారో కూడా రాయాలి.

చెమటలు పట్టడం, వణుకు, మాట తడబడటం, పొంతన లేని ప్రవర్తన దీని గుర్తులు కావడంతో, చూసేవారు ఎండదెబ్బ అనుకోవడమో, తాగి ఉన్నాడని పక్కకు తప్పుకోవడమో జరుగుతుంది. బీపీకోసం మెటోప్రొలాల్‌ వంటి బీటా బ్లాకర్లు, అంటే గుండె వేగాన్ని తగ్గించే మందులు, వాడేవారిలో గుండెదడ, వణుకు కూడా మరుగున పడి చెమట ఒక్కటే కనిపించవచ్చు. షుగరుకు ఇన్సులిన్‌ వాడుతున్నారన్న సంగతి మణికట్టు మీది కంకణంపైనో చీటీలోనో కనిపిస్తే, స్పృహలో ఉన్న మనిషికి 15 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించవచ్చు. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా వెంటనే 108కి ఫోను చేయాలి.

జబ్బును బట్టి చీటీ

పేస్‌మేకర్‌, అంటే గుండె లయ తప్పకుండా విద్యుత్‌ సంకేతాలిచ్చే చిన్న పరికరం, అమర్చుకున్నవారికి ఆసుపత్రివారు ఒక కార్డు ఇస్తారు. పరికరాన్ని తయారుచేసిన కంపెనీ, మోడల్‌, అమర్చిన తేదీ ఉండే ఆ కార్డును చాలామంది ఇంట్లో బీరువాలో భద్రపరుస్తారు గాని, దాని అవసరం బయటే ఎక్కువ. ఎందుకంటే పరికరాన్ని పరీక్షించే యంత్రం కంపెనీని బట్టి మారుతుంది, ఏ కంపెనీదో తెలియకపోతే ఆసుపత్రిలో విలువైన సమయం వెతుకులాటకు పోతుంది. పైగా కొన్ని రోలర్‌ కోస్టర్లను బలమైన అయస్కాంతాల సాయంతో నడపడమో ఆపడమో జరుగుతుంది, భుజాల మీదుగా దిగే పట్టీ పరికరం ఉన్నచోట ఒత్తవచ్చు. కాబట్టి ఏ రైడ్‌ ఎక్కవచ్చో ఏది కూడదో ప్రయాణానికి ముందే గుండె వైద్యుణ్ణి అడిగి తేల్చుకోవాలి.

రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారి విషయంలో మందు పేరే ప్రాణాధారం. తలకు దెబ్బ తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా లోపల రక్తస్రావం కావచ్చు. అప్పుడు ఇవ్వవలసిన విరుగుడు మందును బట్టి మారుతుంది. వార్ఫరిన్‌ ప్రభావాన్ని విటమిన్‌ కె తగ్గించగలదు, డాబిగాట్రాన్‌ మీద అది పనిచేయదు. వార్ఫరిన్‌ వాడేవారు చివరిసారి చేయించిన ఐఎన్‌ఆర్‌ను, అంటే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం మామూలు కంటె ఎంత పెరిగిందో చెప్పే అంకెను, తేదీతో సహా రాసుకోవడం మేలు.

సికిల్‌ సెల్‌ జబ్బు ఉన్నవారికి ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి సన్నని రక్తనాళాలలో అడ్డుపడతాయి. ఒంట్లో నీరు తగ్గినా, ఎండలోంచి వచ్చి ఒక్కసారిగా చల్లని నీటిలో దిగినా తీవ్రమైన నొప్పులు మొదలు కావచ్చు కాబట్టి వీరికి వాటర్‌ పార్కు ప్రత్యేకమైన జాగ్రత్త కోరే చోటు. రెండు తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాలలోని ఆదివాసీలలో ఈ జబ్బు కనిపిస్తుంది. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్‌ సెల్‌ నిర్మూలన మిషన్‌ కింద పరీక్ష చేయించుకున్నవారికి ఫలితం తెలిపే కార్డులు కూడా ఇస్తున్నారు. ఆశ్రమ పాఠశాల పిల్లల్ని విహారయాత్రకు తీసుకువెళ్ళే ఉపాధ్యాయుల దగ్గర ఆ కార్డు నకలు ఉంటే, కాళ్ళు నొప్పులని ఏడ్చే పిల్లవాణ్ణి అలసిపోయాడని వదిలేయకుండా ఆసుపత్రికి చేర్చగలుగుతారు.

ఫిట్స్‌ ఉన్నవారి చీటీ డాక్టరు కంటె ముందు పక్కనున్న జనంతో మాట్లాడాలి. ఫిట్స్‌ వచ్చిన మనిషి చేతిలో తాళంచెవుల గుత్తో ఇనుప ముక్కో పెట్టడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం ఇప్పటికీ తెలుగునాట వీధుల్లో కనిపించే అలవాట్లే. మొదటిదానివల్ల ప్రయోజనం లేదు, రెండోది పళ్ళు విరగగొడుతుంది. ‘పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టవద్దు, గడియారం చూడండి, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సు పిలవండి’ అన్న నాలుగు మాటలు తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ ఉంటే చాలు.

చీటీలో ఏముండాలి

ఏటీఎం కార్డంత అట్టముక్కకు రెండు వైపులా పట్టేంత సమాచారం సరిపోతుంది. నమూనాగా, అరవై దాటిన ఒక గృహిణి చీటీ ఇలా ఉండవచ్చు:

జబ్బులు: షుగరు (ఇన్సులిన్‌ మీద), బీపీ, గుండె లయ తప్పడం.
మందులు: ఇన్సులిన్‌, మెటోప్రొలాల్‌, వార్ఫరిన్‌, మోతాదులు వెనుక వైపు.
పడనివి: పెన్సిలిన్‌ (ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం).
స్పృహ తప్పితే: వెంటనే 108కి ఫోను చేసి, షుగరు పరీక్షించండి. తలకు దెబ్బ తగిలితే తప్పనిసరిగా ఆసుపత్రికి చేర్చండి.
ఫోను: ఈ రోజు పార్కులోనే ఉన్న కొడుకు నంబరు, ఇంటి దగ్గరున్న కూతురి నంబరు, డాక్టరు నంబరు.
ఈ వివరాలు సరిచూసిన నెల, సంవత్సరం.

ఇందులో రెండు సంగతులు గమనించదగినవి. పడని మందు పేరుతో పాటు అది పడక ఏమైందో కూడా రాశారు. ఎందుకంటే కడుపులో తిప్పడానికీ, ఊపిరి ఆడకపోవడానికీ వైద్యుడి దృష్టిలో చాలా తేడా ఉంది. ఇక మొదటి ఫోను నంబరు కొడుకుది అయినా, అతను కూడా రైడ్‌ ఎక్కి ఫోను లాకరులో పెట్టి ఉండవచ్చునన్న ఆలోచనతోనే రెండో నంబరు పార్కు బయటి మనిషిది పెట్టారు.

మందులను బ్రాండు పేరుతో కాక అసలు పేరుతో, అంటే మందులోని రసాయనం పేరుతో రాయడం ముఖ్యం. భారతదేశంలో రెండు మూడు మందులు కలిపిన మాత్రలు ఎన్నో బ్రాండ్లలో అమ్ముడవుతాయి. విదేశాలకు వెళ్ళినప్పుడు ఆ బ్రాండు పేరు చూసి అందులో ఏముందో అక్కడి డాక్టరు చెప్పలేడు. అసలు పేర్లలోనూ కొన్ని అమెరికాలో మారతాయి: ఇక్కడి పారాసెటమాల్‌ అక్కడ అసిటమినోఫెన్‌, సాల్బుటమాల్‌ అక్కడ ఆల్బుటెరాల్‌, గ్లిబెన్‌క్లమైడ్‌ అక్కడ గ్లైబురైడ్‌. తేదీలో నెలను అంకెతో కాక అక్షరాలలో రాయాలి. ఇక్కడ జూన్‌ 5 అనుకొని రాసిన 5/6ను అక్కడ మే 6గా చదువుతారు.

కంకణం, ఫోను, కాగితం

ఒంటి మీద వైద్య వివరం ధరించడమనే పద్ధతికి అమెరికాలో డెబ్బై ఏళ్ళ చరిత్ర ఉంది. కాలిఫోర్నియాలోని టర్లాక్‌ పట్టణంలో డాక్టర్‌ మారియన్‌ కాలిన్స్‌ కుమార్తెకు 1953లో చిన్న గాయానికి ధనుర్వాతం మందును పరీక్షగా కొద్దిగా ఇవ్వగా అది వికటించి ప్రాణాపాయం దాకా తెచ్చింది. ఆ తరువాత ఆమెకు పడని మందుల వివరాలు చెక్కించి తొడిగిన కంకణమే 1956లో మెడిక్‌అలర్ట్‌ సంస్థ ఏర్పాటుకు దారితీసింది. అత్యవసర వైద్య సిబ్బందికి మణికట్టు, మెడ వెతకడం శిక్షణలో భాగం. నీళ్ళలో తడిసినా చెరగని ఉక్కు బిళ్ళ మీద చెక్కించుకోవడం అన్నిటికంటె మన్నికైనది. అది లేకపోతే లామినేషన్‌ చేయించిన చిన్న చీటీని నీరు చొరని పర్సులో పెట్టి, రైడ్‌ సిబ్బందికి చూపి, వారి అనుమతితో బట్టల లోపల భద్రపరచుకోవచ్చు.

ఫోనులో దాచిన సమాచారం రెండో వరుసకే చెందుతుంది. అత్యవసరంలో పిలవవలసిన నంబరును ఐస్‌ (ఇన్‌ కేస్‌ ఆఫ్‌ ఎమర్జెన్సీ) అనే పేరుతో దాచుకోమన్న ప్రచారాన్ని 2005లో ఇంగ్లాండులో అంబులెన్సు ఉద్యోగి బాబ్‌ బ్రోచీ మొదలుపెట్టారు. నేటి స్మార్ట్‌ఫోన్లలో తాళం తీయకుండానే జబ్బు, మందులు, బంధువుల నంబర్లు కనిపించే ఏర్పాటు ఉంది. అది తప్పక నింపుకోవలసినదే, కాని ఛార్జింగ్‌ అయిపోయిన ఫోనూ లాకరులోని ఫోనూ ఒక్కటే. పద్నాలుగు అంకెల ఆభా నంబరు, అంటే ఆయుష్మాన్‌ భారత్‌ ఆరోగ్య ఖాతా నంబరు, ఆసుపత్రిలో పాత రికార్డులు తెరవడానికి పనికొస్తుంది, రైడ్‌ దగ్గర పడిపోయిన మనిషికి అప్పటికప్పుడు ఉపయోగపడదు.

అమెరికా వెళ్ళే అమ్మానాన్నలకు

పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్ళే తెలుగు తల్లిదండ్రుల ప్రయాణాలలో ఫ్లోరిడాలోని ఓర్లాండో, అక్కడి డిస్నీ వరల్డ్‌ తరచుగా ఉంటాయి. అక్కడి నాలుగు థీమ్‌ పార్కులలోనూ ప్రథమ చికిత్స కేంద్రాలున్నాయి, చల్లగా ఉంచవలసిన మందుల్ని అక్కడ దాచుకోవచ్చు; ఎండలో నిలిపిన కారులో ఇన్సులిన్‌ వదిలేయవలసిన అవసరం లేదు. ప్రాణాపాయంలో పిలవవలసిన నంబరు 911. వీరి చీటీలో ‘తెలుగు మాట్లాడతారు’ అన్న వాక్యం ఇంగ్లీషులో ఉంటే ఆసుపత్రివారు ఫోను ద్వారా దుబాసీని ఏర్పాటు చేయగలరు. ప్రయాణ బీమా పాలసీ నంబరూ, ఆ కంపెనీ ఫోను నంబరూ వెనుక వైపు రాసుకోవాలి. ఆటిజం వంటి సమస్యలవల్ల క్యూలో నిలబడలేనివారికి డిస్నీ ఇచ్చే వెసులుబాటును వీడియో సంభాషణ ద్వారా ముందే అడిగి పొందాలి. అత్యవసర చీటీ దానికి ప్రత్యామ్నాయం కాదు.

దాచాలనిపించేది, దాచకూడనిది

ఆరోగ్య సంగతులు పదిమందికీ కనిపించడం ఎవరికీ ఇష్టముండదు, ఆ సంకోచం సమంజసమే. పరిష్కారం అట్టముక్కను మడత పెట్టడంలో ఉంది: జబ్బు పేరు, చేయవలసిన పని, ఫోను నంబరు పైకి కనిపించాలి, మిగిలినవి లోపల, ‘వైద్య సిబ్బందికి మాత్రమే’ అన్న మాట కింద ఉండాలి. అయితే సిగ్గుపడి వదిలేసే వివరమే ఒక్కోసారి అసలైనది కావచ్చు. ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద సార్బిట్రేట్‌ పెట్టడం చాలా ఇళ్ళలో తెలిసిన పద్ధతి. మగవారు లైంగిక సమస్యకు వాడే సిల్డెనాఫిల్‌ వేసుకొని ఒక రోజు గడవకముందే ఆ మాత్ర పెడితే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఆ మందు పేరు లోపలి మడతలో ఉంటే నష్టమేమీ లేదు, లేకపోతే ప్రాణానికే ముప్పు.

చీటీ సిద్ధమయ్యాక దాన్ని డాక్టరుకు చూపడంతో పాటు, ఇంటి సంగతులు తెలియని పక్కింటివారికో, ఆఫీసులో సహోద్యోగికో ఇచ్చి ఒక నిమిషంలో మూడు ప్రశ్నలకు జవాబు చెప్పమనాలి: ఈ మనిషికి ఏముంది, ఏం చేయాలి, ఎవరిని పిలవాలి. తడుముకోకుండా చెప్పగలిగితే ఆ చీటీ పనికొస్తుంది. తడుముకుంటే, ప్రయాణానికి ముందే దాన్ని తిరగరాయాలి.