ఇంటికొక సంఖ్య, పంచాయతీకొక పట్టిక

పేదవాని యింటికి గోడలు లేచినంతమాత్రమున పని ముగియదు. ఆ యింటికి రావలసిన ధనము సకాలమున చేరవలెను. 1985-86లో ఆరంభమైన ఇందిరా ఆవాస్ యోజన స్థానమున 2016 నుండి ప్రధానమంత్రి ఆవాస్ యోజన - గ్రామీణ్ అమలు జరుగుచున్నది. మైదాన ప్రాంతములలో ఇంటికి 1,20,000 రూపాయల సహాయము వాయిదాలుగా లబ్ధిదారుని బ్యాంకు ఖాతాకే చేరును. ఈ లెక్కలన్నియు ‘ఆవాస్‌సాఫ్ట్’ అను కంప్యూటరు వ్యవస్థలో నుండును. కావున దాని పద్ధతిని పంచాయతీ సభ్యులు కొంతవరకైనను తెలిసికొనుట అవసరము.

పేరుండగా సంఖ్య యేల? మర్రిపాడు, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల గ్రామములలో పెంచలయ్యలు, రమణయ్యలు ఎందరో కలరు. ఇంటిపేరు సైతము కలియవచ్చును. ఒకే పేరును ఇంగ్లీషు అక్షరములలో ఒకరొక విధముగను, మరియొకరు వేరొక విధముగను వ్రాయుదురు. మనుష్యుడు పోల్చుకొనగలడు గాని, యంత్రము పోల్చుకొనజాలదు. ఒకరి వాయిదా మరియొకరి పేర జమకాకుండ కాపాడునది రిజిస్ట్రేషను సంఖ్యయే.

లబ్ధిదారుని వివరములు నమోదైన పిమ్మట రాష్ట్రపు సంకేతాక్షరములతో ఆరంభమగు సంఖ్య యేర్పడును. ఆ సంఖ్యతో వెదకినచో మంజూరు, వాయిదాల వివరములు తెలియును. సంఖ్య తెలియనిచో జిల్లా, మండలము, పంచాయతీ, పేరు మొదలగువాటిని బట్టి వెదకు ఏర్పాటును కలదు. ఇంటి డోరు నంబరు, పన్ను అసెస్‌మెంటు నంబరు దీనికి బదులు కాజాలవు. ఒక పథకపు సంఖ్య మరియొక పథకపు లెక్కలలో కానరాదు. కావున సంఖ్య ప్రక్కన పథకము పేరును వ్రాసికొనవలెను.

ఇక కంప్యూటరులోని అమరికలను గూర్చి కొంత చెప్పవలసియున్నది. మొదటిది, ఆర్థిక సంవత్సరము, పంచాయతీ పేరు సరిగా ఎంచుకొనుట. సంవత్సరము తప్పిన, మంజూరైన యిల్లు కూడ లేనట్లే కనిపించును. రెండవది, తేదీ వ్రాయు క్రమము. ముందు దినమా, ముందు మాసమా యను నిర్ణయము లేనిచో 5-6 అనునది జూన్ 5 యో, మే 6 యో తేలదు. మూడవది, జాబితాను వేరొక పట్టికలోనికి ఎత్తి వ్రాయునపుడు బ్యాంకు ఖాతా గడిని అక్షర రూపమున నుంచుట. అంకె రూపమున నుంచినచో ముందున్న సున్నలు తొలగిపోవును. ఒక్క సున్న పోయినను ఆ ఖాతా సంఖ్య పనికిరాదు. నాల్గవది, ఉద్యోగి పాస్‌వర్డు ఆ ఉద్యోగి యొద్దనే యుండుట. పలువురు వాడినచో పొరపాటునకు బాధ్యులెవరో తెలియదు.

పంచాయతీ చేయవలసిన పని స్వల్పమే. ఒక పుస్తకములో లబ్ధిదారుని పేరు, పథకము, రిజిస్ట్రేషను సంఖ్య, మంజూరు తేదీ, ఇంటి దశ, ఫొటో తీసిన తేదీ, వాయిదా అందిన తేదీ అను గడులు గీయించవలెను. పునాది లేచియు వాయిదా రానిచో, ఏ దశలో నిలిచినదో ఈ పుస్తకమును బట్టి తెలిసికొని, సంఖ్యతో సహా మండల అధికారులకు వ్రాయవచ్చును. “మా ఊరి పెంచలయ్యకు సొమ్ము రాలేదు” అను అర్జీ కంటె సంఖ్య గల అర్జీకి సమాధానము త్వరగా లభించును. ఆధార్ సంఖ్యను, ఖాతా సంఖ్యను మాత్రము గోడపై అంటించు జాబితాలలో చేర్చరాదు. అవి పరుల చేత పడిన మోసమునకు తావేర్పడును.

ఈ పుస్తకమును గ్రామసభలో చదివి వినిపింపుడు. చదువురాని వారికి వారి సంఖ్యను ఒక చీటిపై వ్రాసి యిండు. సంఖ్య చేతనున్న లబ్ధిదారుడు మధ్యవర్తుల నాశ్రయింపక, తన హక్కును తానే అడుగగలడు.